పటం వెనక పేరుందా?

నావికుల పాత ఫొటోలు సేకరించేవాళ్లు ముఖం కన్నా ముందు కార్డు వెనక్కి తిప్పి చూస్తారు. సముద్రం లేని నల్లగొండ, పాలమూరు జిల్లాలు ఆ అలవాటు నుంచి నేర్చుకోవాల్సింది చాలా ఉంది.

నల్లగొండకు సముద్రం లేదు. అల చూడాలంటే బాపట్లకో మచిలీపట్నానికో పోవాలి. పాలమూరు సంగతి చెప్పనే అక్కర్లేదు. అయినా రెండో ప్రపంచ యుద్ధంలో ఒక యుద్ధనౌక ఈ నేలను ఏలిన పాలకుడి పేరు పెట్టుకుని మధ్యధరా సముద్రం నుంచి జపాన్ తీరం దాకా తిరిగింది. దాన్ని నడిపిన సిబ్బంది ఆస్ట్రేలియా వాళ్లు. కట్టడానికి సొమ్ము ఇచ్చింది హైదరాబాద్ నిజాం.

ఆ ఓడ నావికుల ఫొటోలు ఆస్ట్రేలియా రాజధాని కాన్‌బెర్రాలోని యుద్ధ స్మారక మ్యూజియంలో ఉన్నాయి. అక్కడ ఫొటో అంటే ముఖం ఒక్కటే కాదు. వీలైనంతవరకు పేరు, హోదా, నంబరు, పనిచేసిన ఓడ, ఊరు, తేదీ అన్నీ దాని వెంట రాసిపెడతారు. ఇటు ఆ ఓడకు సొమ్మిచ్చిన రాజ్యంలో శిస్తు కట్టిన రైతుకు ఫొటోయే లేదు. ఫొటో ఉన్న కొద్దిమందిలోనూ చాలామందికి పేరు మిగల్లేదు. పాత ఫొటోల సేకరణ మనకు ఎందుకు పట్టాలో ఈ తేడాయే చెబుతుంది.

నిజాం పేరుతో ఓడ

ఓడ పేరు హెచ్.ఎం.ఏ.ఎస్. నిజాం. స్కాట్లాండ్‌లోని క్లైడ్‌బ్యాంక్‌లో జాన్ బ్రౌన్ కంపెనీ 1939 జులైలో దాని పని మొదలుపెట్టింది. 1940 జులై 4న నీళ్లలోకి దించారు. 1941 జనవరి 8న అది ఆస్ట్రేలియా నౌకాదళంలో చేరింది. డిస్ట్రాయర్ జాతి ఓడ. పెద్ద నౌకలకు కాపలా కాయడం, జలాంతర్గాములను వేటాడటం, ఎక్కడ అవసరమైతే అక్కడికి వేగంగా చేరడం దాని పని. నిర్మాణానికి సొమ్ము ఇచ్చినందుకు ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ గౌరవార్థం ఆ పేరు పెట్టారు.

యుద్ధానికి ఆయన ఇవ్వడం అదే మొదలు కాదు. మొదటి ప్రపంచ యుద్ధంలో విమానాలకు డబ్బిచ్చాడు. అందుకే బ్రిటిష్ వైమానిక దళంలో 110వ స్క్వాడ్రన్‌కు హైదరాబాద్ పేరు చేరింది. రెండో యుద్ధంలో 152వ స్క్వాడ్రన్ కూడా హైదరాబాద్ పేరే పెట్టుకుంది. ఆకాశంలో పేరు ముందే ఉంది. నీళ్ల మీదికి రావడమే విశేషం. ఎందుకంటే ఆసఫ్‌జాహీల చేతిలోని కోస్తా ఎప్పుడో జారిపోయింది. 1766 ఒప్పందంతో నిజాం అలీ ఖాన్ ఉత్తర సర్కార్లను ఈస్టిండియా కంపెనీకి వదిలేశాడు. చివరికి మిగిలిన రాజ్యానికి నాలుగు దిక్కులా నేలే. తీరం పోగొట్టుకున్న వంశం పేరు 174 ఏళ్ల తర్వాత ఒక ఓడ మీదికి ఎక్కింది.

ఆ ఓడ చూడని యుద్ధం లేదన్నట్టు తిరిగింది. 1941లో క్రీట్ దీవి నుంచి సైనికులను తరలించింది. ముట్టడిలో ఉన్న తోబ్రుక్‌కు మనుషులను, సరుకును చేరవేసింది. మాల్టాకు పోయే ఓడలకు కాపలా కాసింది. 1942లో మడగాస్కర్ దాడిలో పాల్గొంది. 1945 ఫిబ్రవరిలో ఆస్ట్రేలియా నైరుతి కొసన లీవిన్ అగ్రం దగ్గర భారీ అల దెబ్బకు దాదాపు పడుకున్నంతగా పక్కకు ఒరిగి, పది మంది నావికులను సముద్రానికి ఒప్పజెప్పి మళ్లీ లేచింది. 1945 సెప్టెంబర్ 2న జపాన్ లొంగుబాటు పత్రంపై సంతకం పెట్టిన రోజు టోక్యో అఖాతంలో నిలబడ్డ ఓడల్లో ఇదీ ఒకటి. 1955లో తుక్కు కింద విరగ్గొట్టారు.

ఓడ పోయింది. మనుషులు మిగిలారు, కాగితం మీద. యుద్ధంలో పోయిన ప్రతి ఆస్ట్రేలియా సైనికుడి పేరునూ కాన్‌బెర్రా స్మారకం గోడలపై కంచు పలకల మీద పోతపోశారు. లీవిన్ దగ్గర సముద్రంలో కలిసిపోయినవాళ్లకు సమాధులు లేవు గానీ పేర్లున్నాయి.

టోపీ చెప్పే సంగతులు

నావికుల ఫొటోలు ఇన్ని మిగలడానికి కారణం వాళ్ల బతుకులోనే ఉంది. ఓడ ఎక్కేవాడు ఎప్పుడొస్తాడో తెలియదు, వస్తాడో రాడో కూడా తెలియదు. అందుకే ప్రతి రేవు పట్టణంలోనూ హార్బర్ గేటుకు దగ్గర్లో ఫొటో స్టూడియోలు వెలిశాయి. జీతం చేతికందిన రోజు కొత్త యూనిఫాం వేసుకుని, రంగు పరదా ముందు నిలబడి, ఒక కాపీ తల్లికి, ఒకటి పెళ్లి చేసుకోబోయే పిల్లకు పంపేవారు.

సేకరించేవాళ్లు ఈ ఫొటోలను కాలాన్ని బట్టి విడదీస్తారు. 1854లో పారిస్ ఫొటోగ్రాఫర్ దిస్‌దేరి పేటెంట్ తీసుకున్న చిన్న కార్డు ఫొటో మొదటిది. దాన్ని కార్త్ ద విజిత్ అంటారు. అరచేతిలో పట్టేంత అట్టముక్క మీద అతికించిన పల్చటి కాగితం. ఆ కాగితానికి కోడిగుడ్డు తెల్లసొన పూత ఉంటుంది. అందుకే కాలం గడిచేకొద్దీ గోధుమ రంగుకు, పసుపుకు తిరుగుతుంది. 1860ల చివర్లో వచ్చిన పెద్ద అట్ట క్యాబినెట్ కార్డు. ఇక ఇరవయ్యో శతాబ్దం మొదట్లో ఫొటోనే పోస్ట్‌కార్డుగా అచ్చు వేసే పద్ధతి వచ్చింది. నావికులకు అది బాగా కలిసొచ్చింది. ముందు ముఖం, వెనక నాలుగు మాటలు, ఒక తపాలా బిళ్ల, అంతే. అమెరికాలో వీటితో పాటు పల్చటి ఇనుప రేకు మీద నేరుగా తీసే టిన్‌టైప్ నడిచింది. దానికి నెగటివ్ ఉండదు. ఒక్కో ఫొటో ప్రపంచంలో ఒక్కటే.

తర్వాత చూసేది ఒంటి మీది గుర్తులు. నావికుడి టోపీ చుట్టూ నల్ల రిబ్బన్ ఉంటుంది. మామూలు రోజుల్లో దాని మీద బంగారు రంగు అక్షరాల్లో ఓడ పేరు ఉంటుంది. అది కనబడితే సగం కథ దొరికినట్టే. ఆ ఓడ ఏ ఏడాది నుంచి ఏ ఏడాది దాకా ఉందో చూస్తే ఫొటో కాలం తేలిపోతుంది. రెండో ప్రపంచ యుద్ధంలో మాత్రం శత్రువుకు ఏ ఓడ ఎక్కడుందో తెలియకూడదని పేరు తీసేశారు. బ్రిటిష్ నావికుడికి హెచ్.ఎం.ఎస్. అని, ఆస్ట్రేలియా నావికుడికి హెచ్.ఎం.ఏ.ఎస్. అని మూడు నాలుగు అక్షరాలే మిగిల్చారు. కాబట్టి నిజాం ఓడ నావికుడు స్టూడియోలో ఎంత చక్కగా నిలబడ్డా, నుదుటి మీద నిజాం అన్న మాట కనబడదు. వెనక ఎవరైనా రాసి ఉంటేనే ఆ సంగతి తెలిసేది.

ఎడమ చేతి మీద వంకర పట్టీలుంటే అవి మంచి నడవడికి ఇచ్చినవి. ఆ రోజుల్లో మూడేళ్లకు ఒకటి, ఎనిమిదేళ్లకు రెండు, పదమూడేళ్లకు మూడు. వాటిని బట్టి సర్వీసు లెక్కవేస్తారు. కుడి చేతి మీది బొమ్మ పని చెబుతుంది. ఫిరంగి ఉంటే ఫిరంగీ పని, రెక్కల నడుమ మెరుపు ఉంటే వైర్‌లెస్ పని.

మన దేశపు నావికుల ఫొటోలకూ ఇలాంటి ఆనవాళ్లే ఉన్నాయి. రాయల్ ఇండియన్ మెరీన్ అన్న సంస్థ 1934 అక్టోబర్ 2న రాయల్ ఇండియన్ నేవీ అయింది. 1950 జనవరి 26న రాయల్ అన్న మాట పోయింది. టోపీ మీద హెచ్.ఎం.ఐ.ఎస్. అని ఉంటే గణతంత్రానికి ముందుది, ఐ.ఎన్.ఎస్. అని ఉంటే తర్వాతది. తాతల కాలపు పెట్టెలో అలాంటి ఫొటో దొరికితే ఇంకో తేదీ గుర్తుపెట్టుకోవాలి. 1946 ఫిబ్రవరి 18న బొంబాయిలోని తల్వార్ కేంద్రంలో నావికులు తిండి, జీతం, గౌరవం అడిగి సమ్మె కట్టారు. అది చూస్తుండగానే దేశంలోని రేవులన్నిటికీ పాకింది. విశాఖపట్నంలోని సర్కార్స్ కేంద్రం కూడా అందులో ఉంది. నిజాం వదులుకున్న ఉత్తర సర్కార్ల పేరే ఆ కేంద్రానిది. ఇవాళ్టికీ అది ఐ.ఎన్.ఎస్. సర్కార్స్‌గా నడుస్తోంది. ఆ ఏడాది టోపీతో ఉన్న కుర్రవాడి ఫొటో మామూలు ఫొటో కాదు. అయితే అతను ఎవరో తెలిస్తేనే ఆ మాట అనగలం.

పేరు రాలిపోయే దారి

అమెరికాలోని వర్జీనియాలో టామ్ లిల్యెన్‌క్విస్ట్ అనే వ్యాపారి కుటుంబం ఉంది. ఇంటి దగ్గర పిల్లలకు అంతర్యుద్ధం నాటి తూటాలు దొరికాయి. అక్కడ మొదలైన ఆసక్తి తండ్రినీ కొడుకులనూ ఆ కాలపు సైనికుల, నావికుల ఫొటోల వెంట తిప్పింది. చాలావరకు గాజు మీద, రేకు మీద తీసినవి. 2010లో దాదాపు ఏడు వందల ఫొటోలను లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌కు ఇచ్చేశారు. ఆ తర్వాతా ఇస్తూనే వచ్చారు. ఎంత శ్రమ పడ్డా వాటిలో ఎక్కువమంది ఎవరో తెలియదు. లైబ్రరీ వాటిని అందరూ చూసేలా పెట్టింది. అప్పుడప్పుడు ఎవరో ఒకరు ఒక ముఖాన్ని గుర్తుపడతారు. పేరు లేని కార్డుకు ఆ రోజు పేరు వచ్చి చేరుతుంది.

పేరు ఎలా పోతుంది? ఇంట్లో అందరికీ తెలుసు కాబట్టి ఎవరూ రాయరు. కన్నతల్లికి కొడుకు ఫొటో వెనక పేరు రాసుకోవాల్సిన పనేముంది? ఆమె కోడలికీ తెలుసు. మనవరాలికి విన్న గుర్తు. మునిమనవడికి ఆయన ఎవరో టోపీ తాత. ఇల్లు అమ్మినప్పుడు, అన్నదమ్ములు వేరుపడ్డప్పుడు, పాత గోడ కూలినప్పుడు పటం పాత సామాన్లవాడి బండి ఎక్కుతుంది. వాడు ఆల్బమ్‌ను విడదీసి ఒక్కో ఫొటో అమ్ముతాడు. ఆల్బమ్‌లో పక్కపక్కనే ఉన్నంతకాలం మొగుడెవరో పెళ్లామెవరో తమ్ముడెవరో చెప్పే ఆధారం ఉండేది. విడదీసిన క్షణాన అదీ పోయింది. అనుభవం ఉన్నవాళ్లు ఆల్బమ్ మొత్తంగా దొరికితే మొత్తంగానే కొంటారు. ఉన్న వరుస చెడిపోకుండా ముందు పేజీపేజీ ఫొటో తీసి పెట్టుకుంటారు.

దీన్‌దయాళ్ పరదా ముందు

ఫొటో అనేది మన దగ్గరికి రాజుల చేయి పట్టుకుని వచ్చింది. మీరట్ దగ్గరి సర్ధనాలో 1844లో పుట్టిన లాలా దీన్‌దయాళ్ రూర్కీలో ఇంజినీరింగ్ చదివి, ఇందోర్‌లో కొలువు చేస్తూ కెమెరా పట్టాడు. తర్వాత సికింద్రాబాద్‌లో స్టూడియో తెరిచి ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఆస్థాన ఫొటోగ్రాఫర్ అయ్యాడు. పాలమూరును మహబూబ్‌నగర్ చేసింది ఈ నిజాం పేరే. 1894లో ఆయనే దీన్‌దయాళ్‌కు రాజా బహదూర్ ముసవ్విర్ జంగ్ అన్న బిరుదు ఇచ్చాడు. ఘోషా పాటించే ఇళ్ల ఆడవాళ్ల కోసం 1892లో హైదరాబాద్‌లో జనానా స్టూడియో వెలిసింది. దాన్ని నడిపింది కెన్నీ లెవిక్ అనే ఇంగ్లిష్ మహిళ. లోపల అందరూ ఆడవాళ్లే. దీన్‌దయాళ్ తీసిన 2,857 గాజు నెగటివ్‌లను 1989లో ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రం తీసుకుని భద్రపరిచింది. 2006లో ఆయన పేర తపాలా బిళ్ల వచ్చింది.

దీన్‌దయాళ్ ఫొటోల్లో దర్బారు ఉంది, పులివేట ఉంది, మహలు ఉంది, సికింద్రాబాద్ కంటోన్మెంట్ పలటన్లు ఉన్నాయి. మధ్యలో కూర్చున్న దొర పేరు కింద ఉంటుంది. వెనక నిలబడ్డ సిపాయిల పేర్లు ఉండవు. బరువు మోసేవాడు, గుర్రం పట్టుకున్నవాడు, పంకా లాగేవాడు చట్రంలో ఉంటారు గానీ చిట్టాలో ఉండరు.

ఈ లెక్కన పాలమూరుకు దగ్గరి కథ ఒకటుంది. హైదరాబాద్‌లో మాసబ్‌ట్యాంక్ పక్కన ఏసీ గార్డ్స్ అనే పేట ఉంది. ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్ అన్నది పూర్తి పేరు. నిజాం అంగరక్షక దళంలోని సిద్దీల నివాసం అది. ఈ దళం మూలాలు వనపర్తి సంస్థానంలో ఉన్నాయి. రాజా మొదటి రామేశ్వరరావు ఆఫ్రికా సంతతి సైనికులను కొలువులో పెట్టుకున్నాడు. ఆ దళం తర్వాత నిజాం చెంతకు చేరింది. వనపర్తి కోటలో ఇప్పుడు పాలిటెక్నిక్ కాలేజీ నడుస్తోంది. రాజుల బొమ్మలు పుస్తకాల్లో ఉన్నాయి. ఆ గుర్రపు రౌతుల ముఖాలు దొరకాలంటే ఏసీ గార్డ్స్ ఇళ్ల గోడల మీదే వెతకాలి, వాళ్ల మనవళ్లనే అడగాలి.

ఢిల్లీలో తీన్‌మూర్తి కూడలిలో 1922లో నిలిపిన మూడు కంచు విగ్రహాలు అందరూ చూసినవే. హైదరాబాద్, మైసూరు, జోధ్‌పూర్ లాన్సర్లకు గుర్తు అవి. మూడింటిలో ఒకటి మన సిపాయిది. అది ఏ ఒక్క మనిషి ముఖమూ కాదు. దళానికి స్మారకం దక్కింది. ఆ దళంలో పోయినవాడి ఇంట్లో ఫొటో లేకపోతే అతని ముఖం అక్కడితో ముగిసినట్టే.

తుపాకి ఉంది, పేరేది?

నిజాం ఓడ నీళ్లలోకి దిగిన తేదీకి సరిగ్గా ఆరేళ్ల తర్వాత, 1946 జులై 4న, అప్పటి నల్లగొండ జిల్లా జనగామ తాలూకా కడవెండిలో దొడ్డి కొమరయ్య తుపాకి గుండుకు నేలకొరిగాడు. రెండు తేదీలు కలవడం యాదృచ్ఛికమే. రెంటి వెనకా ఉన్న ఖజానా మాత్రం ఒక్కటే. యుద్ధం నడుస్తున్న రోజుల్లో రైతు ఇంటికి లెవీ ధాన్యం కోసం అధికారులు వచ్చేవారు. పండినా పండకున్నా కొలవాల్సిందే. దొరల వెట్టి దానికి అదనం. ఏ తాలూకా శిస్తు ఓడలో ఏ రేకుగా మారిందో ఎవరూ విడదీసి చెప్పలేరు. నల్లగొండ, పాలమూరు రైతుల కష్టం ఆ ఖజానాలో ఉందన్నదాంట్లో మాత్రం అనుమానం లేదు.

తెలంగాణ రైతుల సాయుధ పోరాటం 1951 దాకా నడిచింది. అందులో ఉన్నవాళ్లకు ఫొటో అంటే ప్రమాదం. అజ్ఞాతంలో తిరిగేవాడు స్టూడియో మెట్లు ఎక్కడు. ముఖం పోలీసు చేతికి చిక్కితే ఊరికి ఊరే దెబ్బలు తింటుంది. అందుకే ఆ కాలపు ఫొటోలు తక్కువ. ఉన్నవాటిలో పేరున్నవి సునీల్ జానా తీసినవి. 1918లో అస్సాంలోని దిబ్రూగఢ్‌లో పుట్టిన జానా 1943 నాటి బెంగాల్ కరువు ఫొటోలతో దేశానికి తెలిశాడు. కమ్యూనిస్టు పార్టీ పత్రికలకు ఫొటోలు తీస్తూ తెలంగాణకూ వచ్చాడు. తుపాకులు పట్టిన ఆడవాళ్ల ఫొటోను మనం పుస్తకాల అట్టల మీద, సభల ఫ్లెక్సీల మీద ఎన్నిసార్లో చూశాం. కింద తెలంగాణ వీరవనితలు అని రాసి ఊరుకుంటారు. వాళ్ల సొంత పేర్లు, ఊర్లు రాసింది ఎక్కడన్నా చూశామా?

ఆ లోటును తీర్చే దారి మనవాళ్లే చూపించారు. 1986లో స్త్రీశక్తి సంఘటన అనే బృందం పోరాటంలో పాల్గొన్న ఆడవాళ్లను వెతుక్కుంటూ పోయి, వాళ్ల మాటలు వాళ్ల నోటే చెప్పించి ‘మనకు తెలియని మన చరిత్ర’ అనే పుస్తకం తెచ్చింది. అప్పటికే దాదాపు నలభై ఏళ్ల కిందటి సంగతులు అవి. అడిగేవాళ్లు ఎదురుగా వచ్చి కూర్చుంటే చెప్పేవాళ్లు చెప్పారు. ఆలస్యమైతే అడగడానికి మనుషులు మిగలరు. కర్విరాల కొత్తగూడెంలో పుట్టి తుపాకి పట్టిన మల్లు స్వరాజ్యం 2022 మార్చి 19న కన్నుమూశారు. ఆ తరం దాదాపు అయిపోయింది. వాళ్ల తర్వాతి తరం ఇవాళ ఎనభైల్లో ఉంది. పాత పటాల్లో ఉన్నవాళ్లను ముఖం చూసి పేరు చెప్పగలిగే చివరి వరుస వాళ్లదే.

రాతి మీద ముఖమూ పేరూ

మనవాళ్లకు పేర్లు రాసే అలవాటే లేదని తేల్చేయడానికి వీల్లేదు. నాగార్జునసాగర్‌లో లాంచీ ఎక్కి కొండ మీది మ్యూజియానికి పోయినవాళ్లు అక్కడి స్మారక స్తంభాలను చూసే ఉంటారు. ఇక్ష్వాకుల కాలానివి. అంటే మూడో శతాబ్దం, నాలుగో శతాబ్దం మాట. వాటిని ఛాయాస్తంభాలంటారు. చనిపోయిన మనిషి బొమ్మ చెక్కి, కింద ప్రాకృతంలో ఆయన ఎవరో రాసి నిలిపేవారు. రాజు శాంతమూలుడికి ఉంది. యుద్ధంలో పడ్డ సైనికులకు ఉంది. చేతిపని చేసి బతికినవాళ్లకూ ఉంది. ముఖం, పేరు ఒకే రాతి మీద ఉండబట్టే పదిహేడు వందల ఏళ్ల తర్వాతా వాళ్లు ఫలానా అని చెప్పగలుగుతున్నాం.

ఊళ్లలో ఉన్న వీరగల్లుల కథ కొంచెం వేరు. రెండు జిల్లాల్లోనూ పొలం గట్టు మీద, చెరువు కట్ట కింద, గుడి వెనక కత్తీ డాలూ పట్టిన వీరుడి రాళ్లు కనబడతాయి. శాసనం ఉన్నవి కొన్నే. శాసనం లేనిదానికి పసుపు కుంకుమ పెట్టి దేవుణ్ని చేసుకున్నాం. ఏ పశువుల మంద కోసం ఎవరితో కొట్లాడి చచ్చాడో ఆ కథ మాత్రం జారిపోయింది. మన ఇళ్లలోని దండేసిన పటాలు ఇప్పుడు సరిగ్గా ఆ దారిలోనే ఉన్నాయి.

సంతలో దొరికేది, ఇంట్లో ఉన్నది

పాత ఫొటోలు కొనాలనుకునేవాళ్లు సాధారణంగా హైదరాబాద్ పోతారు. పురానాపూల్ దగ్గర గురువారం సాగే జుమ్మేరాత్ బజార్, ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ పుస్తకాల సంత వాళ్లకు తెలిసిన చోట్లు. షేర్వానీ, రూమీ టోపీ వేసుకున్న నవాబులు, చేతికి గడియారం కనబడేలా కూర్చున్న కొత్త పెళ్లికొడుకులు, యూనిఫాంలో కుర్రవాళ్లు, అందరూ ఒకే డబ్బాలో ఉంటారు. కొనేవాడు అడగాల్సిన మొదటి ప్రశ్న ధర కాదు, ఇది ఏ ఇంటి నుంచి వచ్చింది అన్నది. అమ్మేవాడికి పేట పేరు తెలిసినా చాలు, అది ఒక పోగు.

నల్లగొండ, పాలమూరు జిల్లాల వాళ్లకు సంత కన్నా ఇల్లే పెద్ద గని. మన దగ్గరి నుంచి మనుషులు ఎప్పుడూ పోతూనే ఉన్నారు. పాలమూరు లేబర్ దేశమంతా డ్యాములు కట్టింది. పోచంపల్లి చుట్టుపక్కల పద్మశాలీలు షోలాపూర్, భీవండి మగ్గాల మీదికి పోయారు. పట్టాళానికి పోయినవాళ్లున్నారు, విశాఖలో నేవీలో పనిచేసి పెన్షన్‌తో తిరిగొచ్చినవాళ్లున్నారు. పోయినవాళ్లు ఇంటికి ఫొటో పంపుతారు. తాజ్‌మహల్ పరదా ముందు నిలబడ్డ కూలీకి, ఓడ పరదా ముందు నిలబడ్డ నావికుడికి తేడా ఏమీ లేదు. ఇద్దరూ బాగున్నానని ఇంటికి చెబుతున్నారు.

నావికుల ఫొటోలు సేకరించేవాళ్లు టోపీ నుంచి ఓడను, ఓడ నుంచి సిబ్బంది జాబితాను, జాబితా నుంచి మనిషిని పట్టుకుంటారు. యుద్ధంలో పోయినవాళ్ల వివరాలను కామన్‌వెల్త్ యుద్ధ సమాధుల కమిషన్ వెబ్‌సైట్‌లో పేరు కొట్టి ఎవరైనా వెతకొచ్చు. కూలికి పోయినవాడికి అలాంటి జాబితా ఎక్కడా లేదు. అతని రికార్డు మొత్తం అవ్వ నోట్లో ఉంది. ‘‘గీ టోపీ పెట్టుకున్నాయన ఎవరే అవ్వా?’’ అని అడగాలి. ‘‘మీ తాతకు చిన్నాయిన కొడుకు బిడ్డా, బొంబాయి పొయ్యి మళ్ల రాలే’’ అన్న ఒక్క ముక్క ఏ మ్యూజియం చీటీకీ తీసిపోదు.

ఇంట్లో పాత ఫొటో ఉంటే

- ముందు సెల్‌ఫోన్‌లోనే ఫొటో తీయండి, రెండు వైపులా. స్టూడియో ముద్ర, తేదీ, రాత అన్నీ వెనకే ఉంటాయి. వీలైతే తర్వాత స్కాన్ చేయించండి, 600 డీపీఐ సరిపోతుంది.
- అద్దానికి అతుక్కుపోయిన ఫొటోను పీకొద్దు. అద్దం మీది నుంచే కాపీ తీయించండి.
- లామినేషన్ చేయించొద్దు. సెల్లోటేపు, ఫెవికాల్ అస్సలు వద్దు.
- వెనక రాయాలంటే మెత్తటి పెన్సిల్‌తో, అంచున, ఒత్తకుండా రాయండి. బాల్‌పెన్ ఒత్తు ముఖం మీదికి తేలుతుంది, సిరా పాకుతుంది.
- పేరు ఒక్కటే చాలదు. ఊరు, ఎవరికి ఏమవుతారు, ఎప్పటిది, చెప్పింది ఎవరు అన్న నాలుగూ రాయండి. అనుమానం ఉంటే ప్రశ్న గుర్తు పెట్టండి.
- ఎండ తగిలే గోడ, తేమ పట్టే గోడ రెండూ శత్రువులే. ఇనుప బీరువాలో, ఆమ్లం లేని కాగితం మధ్య పెట్టండి. వెండి పురుగులు, చెదలు రాకుండా వానాకాలం దాటాక ఒకసారి తీసి చూడండి.
- రంగులు దిద్దించి కొత్తగా చేయించిన కాపీ వచ్చిందని పాతదాన్ని పారేయొద్దు. అసలుది అదే.

పెత్రమాస నాడు

మన దగ్గర పేర్లు పలికే రోజు ఒకటి ముందే ఉంది. పెత్రమాస నాడు పెద్దలకు బియ్యమిచ్చేటప్పుడు తండ్రి, తాత, ముత్తాత అంటూ వరుసగా పేర్లు చెబుతాం. తల్లి వైపువాళ్లనూ తలుచుకుంటాం. ఆ పూట ఇంటిల్లిపాదీ ఒక్కచోట ఉంటుంది. వయసు మళ్లినవాళ్లు గుర్తు తెచ్చుకుంటూ ఉంటారు. చిన్నవాళ్ల చేతిలో ఫోన్ ఉంటుంది. సాయంత్రం ఎంగిలిపూల బతుకమ్మకు ఆడపడుచులూ వస్తారు.

ఆ రోజే గోడ మీది పటాలు దించండి. నోటితో చెప్పిన పేరును అప్పటికప్పుడు పటం వెనక పెన్సిల్‌తో రాయండి. నిజాం ఓడ మీద పనిచేసిన ఆస్ట్రేలియా కుర్రవాడికి వాళ్ల దేశం ఆ మాత్రం చేసింది. ఆ ఓడకు శిస్తు కట్టిన తాతకు ఆ పని చేయడానికి ఏ మ్యూజియమూ రాదు. ఫొటో ఉన్న ఇల్లు మనది, పేరు తెలిసిన అవ్వ మన ఇంట్లోనే ఉంది. రాయాల్సిందీ మనమే.